ఆరో వారం ఏడుపు: ఇద్దరు మంత్రులకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,



మీ శాఖల దగ్గర ఒక తేదీల పట్టిక ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయి ఇంటికొచ్చిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి చూడాలి. బరువు తూస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉందేమో థర్మామీటరు పెట్టి చూస్తుంది, బొడ్డు చూస్తుంది, బిడ్డ రొమ్ము సరిగా పట్టుకుంటున్నదీ లేనిదీ చూస్తుంది. ఆ రాకపోకలన్నీ పూర్తి చేసినందుకు ఆమెకు దక్కేది 250 రూపాయలు. 42వ రోజు కార్డు మీద టిక్కు పడ్డాక మళ్లీ ఆమె ఆ గడప తొక్కేది బిడ్డకు మూడు నెలలు నిండాకే.

పసిపిల్లల ఏడుపుకూ ఒక లెక్క ఉంది. రెండో వారం దాటాక పెరగడం మొదలవుతుంది, ఆరో వారం ప్రాంతంలో పతాక స్థాయికి చేరుతుంది, మూడో నెల, నాలుగో నెల మధ్య దానంతటదే సన్నగిల్లుతుంది. టి. బెర్రీ బ్రేజెల్టన్ అనే అమెరికా పిల్లల వైద్యుడు 1962లో తల్లుల చేత రోజువారీ చిట్టాలు రాయించి ఈ సంగతి ప్రకటించారు. ఆరో వారంలో, ఏ జబ్బూ లేని మామూలు బిడ్డ కూడా రోజు మొత్తం మీద దాదాపు రెండుముప్పావు గంటలు ఏడుస్తుందని ఆ చిట్టాల్లో తేలింది. అందులోనూ ఎక్కువ భాగం దీపాలు పెట్టే వేళ మొదలై రాత్రి దాకా సాగేదే.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆరు వారాలంటే 42 రోజులు. ఏడుపు మిట్టకెక్కిన రోజునే ప్రభుత్వం ఆ ఇంటికి సెలవు చెప్పి వచ్చేస్తోంది. మళ్లీ వెళ్లేసరికి అది ఎటూ తగ్గిపోయి ఉంటుంది. మధ్యలోని ఆ ఏడెనిమిది వారాలు ఆ తల్లికి మిగిలేది మెడికల్ షాపు, ఇరుగమ్మ పొరుగమ్మ సలహాలు, ఒక్కోసారి తావీదు కట్టేవాడు. నా ఫిర్యాదు ఇదొక్కటే. మిగిలిన ఉత్తరమంతా దాని వివరం.

ఈ ఇంటింటి సందర్శనల పద్ధతిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. ప్రాణహితకు ఆవలి ఒడ్డున, గడ్చిరోలిలో, అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి నవజాత శిశువుల మరణాలను 62 శాతం తగ్గించారు. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆ పునాది మీదే 2011లో దేశమంతటా ఈ కార్యక్రమం మొదలైంది. చావును ఆపడానికి గీసిన పట్టిక అది, ఆ పని చేసింది. బతికి, బరువు పెరుగుతూ, నిక్షేపంగా ఉండి కూడా రోజూ సాయంత్రం గుక్కపట్టి ఏడ్చే బిడ్డ గురించి అందులో మాట లేదు.

కోలిక్ అంటున్నది ఆ ఏడుపునే. పాత కొలత ఒకటుంది, 1954లో మోరిస్ వెసెల్ బృందం చెప్పింది: బాగా పెరుగుతున్న బిడ్డ రోజుకు 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి, 3 వారాలకు మించి ఏడిస్తే అది కోలిక్. ఇప్పటి వైద్యులు గంటలు లెక్కపెట్టడం మీద అంత పట్టింపుగా లేరు. అయిదు నెలల లోపు బిడ్డ కారణం కనపడకుండా, ఎంత ఊరడించినా ఊరుకోకుండా పదేపదే ఏడుస్తుంటే, జ్వరం గానీ ఎదుగుదలలో లోపం గానీ లేకపోతే చాలంటున్నారు. అయిదుగురు పిల్లల్లో ఒకరికి ఉంటుందని మోటు లెక్క. తల్లిపాల బిడ్డకూ డబ్బాపాల బిడ్డకూ తేడా లేదు. ఏ ఆశా కార్యకర్తనైనా అడగండి, తన పరిధిలో ఇలాంటి ఇళ్లు ఇప్పుడు ఏవేవో వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది.

ముఖం ఎర్రబడుతుంది, పిడికిళ్లు బిగుసుకుంటాయి, కాళ్లు డొక్కలోకి ముడుచుకుంటాయి, పొట్ట తప్పెటలా బిగుస్తుంది. అది చూసిన ఎవరైనా గ్యాస్ పట్టిందనే అంటారు. ఇక్కడే ఒక మెలిక. బిడ్డ ఏడుస్తున్నకొద్దీ గాలి మింగుతుంది, ఆ గాలికి పొట్ట ఉబ్బుతుంది. చాలాసార్లు ముందు ఏడుపు, తర్వాతే గ్యాస్. కోలిక్‌కు ఫలానాదే కారణమని వైద్యశాస్త్రం ఇప్పటికీ తేల్చలేదు. ఇంకా కుదురుకోని పేగులు, వాటిలో కొత్తగా చేరుతున్న సూక్ష్మజీవులు, వెలుగూ చప్పుళ్లతో రోజంతా అలిసిపోయిన చిన్న బుర్ర, ఇలా చాలా అనుమానాలున్నాయి. నమ్మకంగా చెప్పగలిగింది ఒకటే: దానంతటదే పోతుంది. నాలుగో నెలకు పోయేదాన్ని నాలుగో నెలదాకా ఏదో ఒకటి పోస్తూ వచ్చిన ఇంట్లో, ఆఖరున పోసిందానికే ఆ ఘనత దక్కుతుంది. గ్రైప్ వాటర్ పేరు తరాలు దాటి నిలవడంలో ఈ మర్మం పాలు చాలానే ఉంది.

దాని కథ కొంచెం చెప్పాలి. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే ఆయన తయారు చేశారు. సోయికూర గింజల నూనె, తినే సోడా, పంచదార, నీళ్లు, వీటితోపాటు కొంత ఆల్కహాల్. ఇప్పటి సీసాల్లో ఆల్కహాల్ లేదు, మంచిదే. కానీ అమ్మమ్మ, అమ్మ, కూతురు వరసగా ఒకరికొకరు సిఫారసు చేసుకునే ఆ ప్రకటన చూస్తూ పెరిగిన మనకు అది మందని కూడా తోచదు, ఇంటి ఆచారమైపోయింది. మీ శాఖల గోడల మీదేమో ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని రాసి ఉంటుంది. ఆ గోడ పక్కనే ఉన్న మందుల దుకాణంలో నెల బిడ్డకు గ్రైప్ వాటర్ సీసా చేతికిస్తారు. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందో ఆ తల్లికి చెప్పినవాళ్లు లేరు.

గ్రైప్ వాటర్ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది డైసైక్లోమిన్ చుక్కల మందు. పేగుల మెలికను సడలించే మందు అది. పసిపిల్లల్లో ఊపిరి ఆగే ప్రమాదం బయటపడ్డాక ఆరు నెలల లోపు వారికి ఇవ్వకూడదని నిర్ణయించారు. ఏ చీటీ లేకుండా, ‘బాబుకు కడుపునొప్పి’ అన్న ఒక్క మాట మీద అది కౌంటరు దాటడం ఎవరికీ వింత కాదు. సైమెథికోన్ చుక్కలతో అంత ప్రమాదం లేదు, కానీ ఉత్తుత్తి మందుతో పోల్చి చూసినప్పుడు దాని గొప్పేమీ కనపడలేదు. తల్లిపాలు తాగే పిల్లల్లో లాక్టోబాసిల్లస్ రూటరై అనే మేలు చేసే సూక్ష్మజీవి చుక్కలు కొంత ఏడుపు తగ్గించాయని పరిశోధనల్లో తేలింది. అది డాక్టరు చూసి చెప్పాల్సిన సంగతి, షాపువాడు కాదు.

ఇక ఇంటి వైద్యం. దీని గురించి రాసేవాళ్లు రెండు జట్లు. ఒక జట్టుకు పాతదంతా బంగారం, రెండో జట్టుకు పాతదంతా మూఢనమ్మకం. నేను పెట్టుకున్న గీత వేరు. మన ఇళ్లలో చేత్తో చేసేవి దాదాపు అన్నీ మంచివి. నోట్లో పోసేవి దాదాపు అన్నీ వద్దు.

నోట్లో పోసేవాటి సంగతి ముందు. తేనె ఏడాది నిండేదాకా నాలిక్కి తగలకూడదు. అందులో ఉండగల బొటులిజం బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబడేలా చేస్తాయి. వస అరగదీసి నాకిస్తే వసపిట్టలా మాట్లాడతాడని మనకో నమ్మకం. వసలో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం హానికరమని అమెరికా 1968లోనే తినే వస్తువుల్లో దాన్ని నిషేధించింది. ఇంగువ బొడ్డు చుట్టూ పట్టు వేస్తే వేశారు గానీ (అదీ బొడ్డు ఊడి, పూర్తిగా ఆరాకే), లోపలికి పోస్తే నెత్తురుకు ప్రాణవాయువును మోసే శక్తి తగ్గిన సందర్భం వైద్య పత్రికల్లో నమోదైంది. ఆముదం విరేచనాలు పట్టిస్తుంది. వాము నీళ్లు విషమేమీ కాదు, ఆ మాటకొస్తే సోంపు నూనె కోలిక్ ఏడుపును తగ్గించిందని 2003లో రష్యాలో జరిగిన పరిశోధన ఒకటి ఉంది. కానీ ఇంట్లో కాచే కషాయానికి కొలత లేదు, ఉగ్గుగిన్నెకు శుభ్రత హామీ లేదు, అరచేయంత పొట్టలో నీళ్లు నిండితే పాలకు చోటుండదు. ఆ వాము తల్లిని తినమనండి, ఎవరికీ నష్టం లేదు. కర్పూరం కలిపిన కొబ్బరినూనె ఒంటికి రాయడం కూడా మానాల్సిందే, కర్పూరం చర్మం నుంచి కూడా లోపలికి దిగి మూర్ఛ తెప్పిస్తుంది. సాంబ్రాణి పొగ సువాసన పెద్దవాళ్లకు, ఇబ్బంది మాత్రం బిడ్డ ఊపిరితిత్తులకు.

ఇప్పుడు చేతుల దగ్గరికి వద్దాం. లాలపోసే అమ్మమ్మను దగ్గర కూర్చుని చూడండి. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, చీర మోకాళ్ల దాకా మడిచి, బిడ్డను ముంగాళ్ల మీద బోర్లా వేస్తుంది. గోరువెచ్చటి నూనె తన అరచేతిలో రుద్దుకున్నాకే వీపు తాకుతుంది. పిరుదుల నుంచి మెడ దాకా, మళ్లీ కిందికి. తర్వాత వెల్లకిలా తిప్పి, బొటనవేళ్లు బొడ్డుకు ఎడంగా ఉంచి, మిగతా వేళ్లతో పొట్ట మీద గుండ్రంగా సవరిస్తుంది. రెండు మోకాళ్లూ కలిపి పొట్టకు ఆనించి, ఒక్క క్షణం ఆగి, వదులుతుంది. కుడిచేతికి ఎడమకాలు, ఎడమచేతికి కుడికాలు. నాలుగైదుసార్లు ఇలా మడిచేసరికి చిన్న చప్పుడు, ఆ వెనకే ఇంట్లోవాళ్ల నవ్వు. ఇందులో ఒక్క పని కూడా వృథా కాదు. బోర్లా వేసినప్పుడు కాళ్ల ఒత్తిడికి పొట్ట సర్దుకుంటుంది, మోకాళ్లు మడిస్తే గాలి కిందికి దారి చూసుకుంటుంది. అమ్మమ్మకు చెప్పాల్సినవి మూడే. పొట్ట మీద చెయ్యి గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి, ఎందుకంటే పెద్దపేగు నడక అదే. పాలు తాగిన వెంటనే ఇదంతా చేయకూడదు, కనీసం అరగంట ఆగాలి. ముక్కులోకి, చెవిలోకి నూనె మాత్రం వద్దు.

తమలపాకు వెచ్చచేసి పొట్ట మీద వేసేవాళ్లున్నారు. వెచ్చదనం హాయినిస్తుంది, నిజమే. దానికి ఆకే కానక్కర్లేదు, మడత గుడ్డ చాలు. అయితే పెద్దవాళ్ల చేతికి వెచ్చగా తగిలింది బిడ్డ చర్మానికి చురక. మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకుని, అక్కడ వేడి అనిపించకపోతేనే వేయాలి. ఈ వేడి పిచ్చి ముదిరితే ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. ఒడిశాలోని నబరంగ్‌పూర్‌లో, మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో పొట్ట ఉబ్బిన పసివాళ్లకు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టి ఆసుపత్రుల పాలు చేసిన వార్తలు మొన్నమొన్నటివే. మన ఏజెన్సీ ఊళ్లలో పనిచేసే ఏఎన్‌ఎంలను అడిగితే, ఆ అలవాటు రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగలేదని చెబుతారు.

అన్నిటికన్నా పెద్ద మందు భుజం. పాలు తాగాక భుజాన వేసుకుని, వీపు నిమురుతూ త్రేన్పు వచ్చేదాకా ఉండటం మనవాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల మోచేతి మడతలో ఉంచి, రెండో చేత్తో వీపు పట్టుకుని నడిచే పద్ధతి కొంతమంది తండ్రులకు బాగా కుదురుతుంది. ఈ పని మగవాళ్లకు అప్పజెప్పాలని నా గట్టి అభిప్రాయం, సాయంత్రం ఆ వేళకు వాళ్లు ఎటూ ఇంటికి చేరతారు. మాంట్రియల్‌లో హంజికర్, బార్ అనే ఇద్దరు 1986లో చేసిన పరిశోధనలో, ఏడ్చినా ఏడవకపోయినా రోజూ అదనంగా ఎత్తుకుని తిరిగిన పిల్లలు ఆరో వారంలో మిగతావారి కన్నా 43 శాతం తక్కువ ఏడ్చారు. ఇదే పని అప్పటికే కోలిక్ ముదిరిన పిల్లల మీద చేస్తే ఫలితం రాలేదని బార్ బృందమే తర్వాత చెప్పింది. అంటే ఎత్తుకోవడం మొదటి వారాల నుంచే మొదలుపెట్టాలి. ‘ఎత్తుకుంటే మరుగుతాడు’ అని కసిరే పెద్దలకు ఈ మాట ఆశా కార్యకర్త నోటివెంట వస్తే బాగుంటుంది. నిద్రపుచ్చడానికి జపాన్‌లోని రికెన్ సంస్థ వారు 2022లో ఒక తేలిక లెక్క ఇచ్చారు: ఎత్తుకుని అయిదు నిమిషాలు ఆగకుండా నడవాలి, నిద్ర పట్టాక వెంటనే పడుకోబెట్టకుండా ఒళ్లో పెట్టుకుని అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చోవాలి. చీర ఉయ్యాల కూడా మంచిదే, మనిషి పక్కన ఉన్నంతసేపు. బిడ్డ గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి అందదు కాబట్టి, నిద్ర పట్టాక చదునైన పక్క మీద వెల్లకిలా మార్చాలి.

తల్లి తిండి సంగతి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. బిడ్డ ఏడిస్తే మొదటి శిక్ష బాలింతకు పడుతుంది. పప్పు తినకు, వంకాయ తినకు, దుంపలు తినకు, ఆకుకూర వాతం, నీళ్లు తక్కువ తాగు. మిగిలేది కారప్పొడీ చారన్నం. తల్లి పేగుల్లో పుట్టే గాలి పాలలోకి రాదు. కడుపునిండా తినని తల్లికి నీరసం, దాని మీద నింద. ఆవుపాలు, గేదెపాల ప్రొటీన్ పడని పిల్లలు కొద్దిమంది ఉంటారు. మలంలో నెత్తురు జీర, ఒంటి మీద గజ్జిలాంటి పొక్కులు ఉంటే డాక్టరు చెప్పినమీదట తల్లి కొన్నాళ్లు పాలు, పెరుగు మానేసి చూడాలి. అంతే తప్ప అందరికీ పత్యం కాదు. తిండి కన్నా పాలిచ్చే తీరు చూడాలి. రెండు నిమిషాలకోసారి రొమ్ము మారిస్తే బిడ్డకు మొదట వచ్చే పల్చటి పాలే ఎక్కువ వెళ్లి, వాటిలోని చక్కెర పేగుల్లో పులిసి గ్యాస్ పుట్టొచ్చు. ఒకవైపు పూర్తిగా తాగనిచ్చి రెండోవైపు పట్టాలి. సీసా పట్టక తప్పనప్పుడు పీక నిండా పాలుండేలా వంచాలి, లేకపోతే మింగేది గాలే.

అన్ని ఏడుపులూ కోలిక్ కావు. ఆశా కార్యకర్త చేతిలో ఉండాల్సిన అసలు జ్ఞానం ఇదే. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, ఆకుపచ్చటి వాంతి, మలంలో నెత్తురు, పాలు ముట్టకపోవడం, ఉబికిన మాడు, గజ్జల్లో గట్టి వాపు, రోజుకు ఆరుసార్ల కన్నా తక్కువ మూత్రం, మూలుగులాంటి ఏడుపు, వీటిలో ఏ ఒక్కటున్నా 108. ఇంకొకటి పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది: బట్టలన్నీ విప్పి కాలివేళ్లు, చేతివేళ్లు చూడాలి. బాలింతలకు జుట్టు బాగా ఊడుతుంది. ఆ వెంట్రుక బిడ్డ వేలికి చుట్టుకుని కోసుకుపోతుంటే ఏ వాము నీళ్లకు తగ్గుతుంది?

పది రోజులు ఇల్లంతా నిద్రలేకపోతే తల్లి మనసు ఏమవుతుందో కూడా అడగాలి. విసుగులో బిడ్డను పట్టుకుని గట్టిగా కుదిపితే మెదడులో నెత్తురు చిమ్ముతుంది, కళ్లు పోతాయి, ప్రాణమే పోవచ్చు. చేతులు వణికేంత కోపం వచ్చినప్పుడు బిడ్డను పక్క మీద వెల్లకిలా వేసి, తలుపు దగ్గరికి వేసి, అయిదు నిమిషాలు వరండాలో నిలబడటం తప్పు కాదని ఆ అమ్మాయికి ఎవరో ఒకరు చెప్పాలి. దిగులు వారాల తరబడి వదలకపోతే 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు మాట్లాడతారని చెప్పాలి. కన్నవారింట్లో ఉన్నన్నాళ్లు పక్కన అమ్మ ఉంటుంది. మూడో నెలకో అయిదో నెలకో అత్తారింటికి పంపే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో ఆ మాత్రం ఆసరా ఉంది. పట్నంలో ఇద్దరే ఉండే అపార్టుమెంట్లలో, వలస కూలీల గుడిసెల్లో అదీ లేదు.

మీరు చేయగలిగింది పెద్ద ఖర్చు లేనిదే. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకా కోసం తల్లి ఎలాగూ బుధవారమో శనివారమో మీ దగ్గరికే వస్తుంది. ఏడుపు పతాక స్థాయి నుంచి తగ్గుముఖం దాకా అచ్చంగా ఆ మూడు తేదీల మధ్యే ఉంది. టీకా వేశాక బిడ్డను అరగంట ఎటూ కూర్చోబెడతారు. ఆ అరగంటలో ఏఎన్‌ఎం ఏడుపు గురించి అడగాలని, పొట్ట సవరించడం, ఎత్తుకోవడం ఒక బొమ్మ మీద చేసి చూపాలని ఒక ఆదేశం ఇవ్వండి. టీకా జ్వరానికి ఏడ్చే ఏడుపు వేరు, రోజువారీ సాయంత్రం ఏడుపు వేరని అక్కడే తేటతెల్లం చేయవచ్చు. ఆశా కార్యకర్త 14వ రోజు వెళ్లినప్పుడు, ‘ఇక ఏడుపు పెరుగుతుంది, నాలుగో నెలకు తగ్గుతుంది’ అని ముందే చెప్పి రావాలి. ముందే తెలిసిన ఏడుపు సగం భయపెట్టదు. రెండు నెలలప్పుడు ఇంకొక్క సందర్శన చేర్చండి. తర్వాతి నెలల్లో ఆమె ఇల్లు చూసి వచ్చినందుకు ఒక్కోసారికి ఇస్తున్నది 50 రూపాయలు. ఇక్కడ ఆ మాత్రమైనా ఇవ్వకుండా పని మాత్రం పెంచితే ఆమెకు అన్యాయం చేసినట్టే. తల్లి చేతిలోని మాతా శిశు సంరక్షణ కార్డులో ఒక్క పేజీ ఏడుపుకు కేటాయించండి, తల్లి పుట్టింటికి వెళ్లినా ఆ కార్డు వెంట వెళుతుంది.

మందుల నియంత్రణ విభాగం కూడా మీ కిందిదే. ఆరు నెలల లోపు పిల్లలకు డైసైక్లోమిన్ అమ్మరాదని ప్రతి మందుల దుకాణంలో కౌంటరు ముందు, కొనేవాళ్లకు కనపడేలా, పెద్ద తెలుగు అక్షరాల్లో బోర్డు పెట్టించండి. జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల తదుపరి తనిఖీ ఆ బోర్డుతోనే మొదలు కావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఆడవాళ్ల ఆరోగ్యం మీద పత్రికల్లో రాసే ఒక రచయిత్రి